బొమ్మకు మార్కులు, దైవానికి దణ్ణం

‘కాంతార: చాప్టర్ 1’ 2025 అక్టోబరు 2న విడుదలైంది. కదంబరాజుల కాలాన్ని వెనక పెట్టుకుని, తుళునాటి దైవాల పూర్వకథను కల్పనతో చెప్పిన చిత్రం. దర్శకుడూ, కథానాయకుడూ రిషబ్ శెట్టిగారే. దానిమీద వచ్చిన విమర్శలు చూస్తే, చాలామంది అరవింద్ కశ్యప్ ఛాయాగ్రహణాన్నీ, దైవం ఆవేశించే ఘట్టాలలో రిషబ్ నటననూ మెచ్చుకున్నారు. ప్రథమార్ధం సాగిందనీ, హాస్యం అతకలేదనీ, 2022 నాటి మొదటి ‘కాంతార’లోని మట్టివాసన తగ్గి ఆర్భాటం పెరిగిందనీ అన్నవారూ ఉన్నారు.

ఈ తూకం సబబే. టిక్కెట్టు కొనేవాడికి బొమ్మ మంచిచెడ్డలు చెప్పడం విమర్శకుని పని. కాని ఈ చిత్రంలోని దైవం, రాజుగారి కోటలా అట్టతో కట్టిన సెట్టింగు కాదు. దక్షిణ కన్నడ, ఉడుపి జిల్లాలలో పంజుర్లి, గుళిగ నేటికీ కొలుపులందుకుంటున్న దైవాలు. కోల కట్టేవాడు వేషగాడూ కాదు. నలికె, పరవ, పంబద కులాలవారికి అది తరతరాల సేవ. దైవం పలికే వేళ ఊళ్ళో ఎంతటి ఆసామి అయినా అతని ఎదుట చేతులు కట్టుకు నిలబడవలసిందే. తెల్లవారితే అతని ఇంట్లో పొయ్యి వెలిగిందా అని అడిగేవారు మాత్రం తక్కువ.

మనకిది తెలియని సంగతి కాదు. మన జాతరల్లో గణాచారికి పూనకం వస్తే పసుపునీళ్ళు పోసి దణ్ణం పెడతామే గాని, ఇంటికొచ్చి ఆ కేకలు అనుకరించి నవ్వుకోము గదా! అయినా ఈ చిత్రం చూసినవారిలో కొందరు దైవంలా వేషం కట్టి, హాళ్ళలోనే చిందులు వేశారు. చివరకు నిర్మాతలు హోంబళె ఫిల్మ్స్ వారే అలా చేయవద్దని ప్రకటన ఇవ్వవలసివచ్చింది.

సినిమా వల్ల కీడే జరిగిందనడం అన్యాయం. మొదటి చిత్రం ఆడుతున్న రోజుల్లోనే, 2022 అక్టోబరులో, అరవై దాటిన దైవనర్తకులకు నెలకు 2,000 రూపాయల భృతి ఇస్తామని కర్ణాటక ప్రభుత్వం ప్రకటించింది. అంతకుముందు ఆ వృద్ధులను తలచుకున్నవారెవరు?

కనుక విమర్శకులు కెమెరాకూ, సంగీతానికీ మార్కులు వేసిన తరువాత ఇంకొక ప్రశ్న కూడా అడిగితే బాగుంటుంది: ఈ బొమ్మ వల్ల గౌరవం పెరిగింది వేషానికా, ఆ సేవ చేసే మనిషికా? మనమూ పిల్లలను సినిమాకు తీసుకువెళదాం, సరదాగా చూద్దాం. మంగుళూరు వైపు వెళ్ళినప్పుడు నిజమైన కోల కంటబడితే మాత్రం, ఫోను జేబులో పెట్టి, చెప్పులు విడిచి నిలబడడం వారికి నేర్పుదాం.