మిద్దె ఎక్కని పాఠం

ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు ఆరు వేల ఎకరాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పనిలోకి వచ్చింది. ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద 1990ల నుంచే గాలిమరలు తిరుగుతున్నాయి. ఎండా గాలీ మా సీమలో పుష్కలం. ఇంజనీరింగ్ కాలేజీలకూ కొదవ లేదు. ఈ రెంటినీ కలపాల్సిన వాళ్లం మేమే, ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పే అధ్యాపకులం. కలపలేకపోయాం.

రెన్యూవబుల్ ఎనర్జీ మాకు చాలాచోట్ల ఒక ఎలక్టివ్ మాత్రమే. ఐదు యూనిట్లు, రెండు మిడ్లు, చివర్లో ఇంపార్టెంట్ ప్రశ్నలు. గాలిమర గాలిలోని శక్తిలో గరిష్ఠంగా 59.3 శాతమే అందుకోగలదని బోర్డు మీద డెరివేషన్ చేస్తాం. పిల్లలు పొల్లుపోకుండా రాస్తారు, మేం మార్కులు వేస్తాం.

ప్యానెల్ లేబుల్ మీద ఉండే వాట్లు సెల్ వేడి 25 డిగ్రీలప్పటి లెక్క. మే నెల మధ్యాహ్నం మా మిద్దెల మీద అది 60 దాటుతుంది. డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున తగ్గితే, 540 వాట్ల ప్యానెల్ వేడికే 75 వాట్లు పోగొట్టుకుంటుంది. దుమ్ము లెక్క వేరే. ఇది పదో తరగతి గణితం. అయినా వైవాలో అడిగితే ఫైనలియర్ కుర్రాడు "ఎండ ఎంత ముదిరితే అంత కరెంటు సార్" అంటాడు. తప్పు వాడిది కాదు. వాడి చేతికి మేం థర్మామీటరు ఇవ్వలేదు.

ప్యానెళ్లు కాలేజీ మిద్దె మీదే ఉన్నాయి. ఇన్వర్టర్ రోజూ యూనిట్లు లెక్కగడుతూనే ఉంది. ఆ లెక్క బిల్లులు చూసే ఆఫీసుకే తప్ప మా ల్యాబుకు చేరలేదు. పిల్లలు పడతారని మిద్దెకు తాళం వేస్తే సరేనన్నాం. పాత రికార్డు చూసి రీడింగులు ఎక్కిస్తున్నారని తెలిసీ సంతకాలు పెట్టాం. కొనుక్కొచ్చిన ప్రాజెక్టులని తెలిసీ ఎక్స్‌టర్నల్ ముందు నోరు మెదపలేదు.

జీతాలు సమయానికి రావు, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిప్పుతారు, మా బ్రాంచి సీట్లు కోసి కంప్యూటర్ సైన్సుకు ఇస్తున్నారు. అన్నీ నిజాలే. కానీ మిద్దె తాళంచెవి అడగడానికి అవేవీ అడ్డం కాదు.

పార్కులకు పొలాలిచ్చిన ఊళ్ల పిల్లలూ మా బెంచీల మీదే కూర్చున్నారు. స్ట్రింగ్‌లో లోపం ఎక్కడుందో వెతకడం, ఇన్వర్టర్ ఎందుకు ట్రిప్పయిందో చెప్పడం నేర్పి ఉంటే సొంత మండలంలో ఇంజనీర్లుగా నిలబడేవాళ్లేమో. నేర్పలేదు కాబట్టి పట్టా పట్టుకుని అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు బస్సెక్కారు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ కోసేది ఇదే.

తోటి అధ్యాపకులారా, ఈ సెమిస్టర్‌లో తాళంచెవి అడిగి తీసుకోండి. విడి ప్యానెల్ ఒకటి ఎండలో పెట్టి, పొద్దున పదింటికీ మధ్యాహ్నం ఒంటిగంటకూ పిల్లల చేతే వేడి, వోల్టేజీ, కరెంటు కొలిపించండి. ఆ రీడింగులున్న రికార్డు మీదే సంతకం పెట్టండి.