పెరటి మాట: మట్టిని ఆపాలి, నీటిని పోనివ్వాలి

నాలుగు గజాల పెరడు ఉంటే చాలు, మన ఇళ్లలో గోంగూర మడి, బచ్చలి పాదు, కరివేప చెట్టు తప్పవు. తమిళనాట ఎన్ని తరాలుగా ఉంటున్నా ఈ అలవాటు మనల్ని వదలలేదు. అయితే చెన్నపట్నంలో పెద్దవానలు ఆశ్వయుజ కార్తికాలలో పడతవి. సరిగ్గా కూరగాయలు అందుకొనే కాలమది. నేలమట్టపు మడిలో రెండు మూడు రోజులు నీరు నిలిచిందా, వేళ్లకు గాలి ఆడక మొక్క కుళ్లిపోతుంది. అందుచేత మడిని నేలకంటె ఎత్తున కట్టుకొనడం మేలు. తమిళులు దీనిని పాత్తి అంటారు. పేరేదైనా పద్ధతి ఒకటే.

ఎత్తు మడి వెడల్పు 4 అడుగులు మించరాదు. రెండు ప్రక్కల నుండి చెయ్యి చాపితే నడుమకు అందాలి; లోపల కాలు పెడితే మట్టి అణగిపోతుంది. ఆకుకూరలకు అడుగు ఎత్తు, వంగ, టమాటాలకు అడుగున్నర చాలును. అడుగున గచ్చు వేయకుండా నేలను గుల్లచేసి వదలాలి. కొందరు మడి అడుగున గులకరాళ్లు పరుస్తారు. దానివల్ల లాభం లేదు. మెత్తని మట్టిలోని నీరు పూర్తిగా నిండితేగాని రాళ్లలోకి దిగదు. తడి పైకే వచ్చి వేళ్ల దగ్గర నిలుస్తుంది.

ఇక గోడ సంగతి. 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు గల మడిలో 60 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. తడిస్తే దాని బరువు దాదాపు 3 టన్నులు. ఆ బరువు గోడను బయటికి నెడుతూనే ఉంటుంది. గోడ ఎత్తు రెండింతలైతే నెట్టుడు నాలుగింతలవుతుంది. కాబట్టి గట్టి నేల తగిలేవరకు, కనీసం అడుగు లోతు పునాది తవ్వి, కంకర సిమెంటు వేసి, దానిమీద 9 అంగుళాల మందాన ఇటుక గోడ లేపాలి. 3 అడుగులు దాటిన గోడను ఇంజనీరు చూడకుండా కట్టించవద్దని మనవి.

మా పెరటిలో పని చేసిన కొత్తనారు, "ఇంత చిన్న గోడకు తూములెందుకు సార్?" అని అడిగాడు. "గోడ మట్టిని ఆపడానికి మేస్త్రీ, నీళ్లను ఆపడానికి కాదు," అన్నాము. ప్రతి 4 అడుగులకు ఒక రెండంగుళాల గొట్టం, బయటికి వాలుగా, నేలకు కొంచెం పైన పెట్టించాము. గోడ వెనుక అర అడుగు మందాన గులకరాళ్లు నిలువునా నింపి, మట్టికీ రాళ్లకూ నడుమ నీరు దిగే బట్ట కట్టాము. గోనెగుడ్డ అయితే త్వరలో చివికిపోతుంది. ఇక్కడ గులకరాళ్లు పనికి వస్తవి. ఎందుకంటే వాటి నీటికి తూము ద్వారా దారి ఉన్నది.

తూము నీరు ఎటు పోతుందో ముందే చూసుకోవాలి. మన పునాదిలోకీ పోరాదు, పొరుగువారి గోడకిందికీ పోరాదు. 10 అడుగులకు కనీసం ఒకటింబావు అంగుళం వాలుతో చిన్న కాలువ తీసి ఇంకుడు గుంతలోకి మళ్లించాలి. 2003 నుండి తమిళనాడులో ప్రతి ఇంటికీ వాననీటిని ఇంకించే ఏర్పాటు తప్పనిసరి గనుక ఆ గుంత చాలా ఇళ్లలో ఉండనే ఉన్నది.

స్థలం కలిసివస్తుందని ప్రహరీ గోడకే ఆనించి మట్టి పోయడం మన వీధుల్లో మామూలు. ప్రహరీ గోడ తనంత తాను నిలబడడానికి కట్టినది, మట్టిని మోయడానికి కాదు. మేము రెండడుగులు వదలి లోపలికి జరిగాము. ఒక మడి తగ్గింది. "పోనివ్వండి, గోంగూర ఒక కట్ట తగ్గుతుంది, అంతేగదా! పక్కింటి పాట్టిగారి మంచం ఆ గోడ అవతలే ఉన్నది," అన్నది మా ఇంటావిడ.

ఇది అతిజాగ్రత్త అనుకోకండి. 2019 డిసెంబరు 2 తెల్లవారుజామున, కోయంబత్తూరు దగ్గరి మేట్టుపాళయంలో పెద్దవానకు ఒక ఎత్తైన ప్రహరీ గోడ కూలి ప్రక్కనున్న చిన్న ఇళ్లమీద పడింది. నిద్రలో ఉన్న 17 మంది చనిపోయారు. గోడ ఒకరిది, ప్రాణాలు ఇంకొకరివి. మన మడి గోడ అంత ఎత్తుది కాకపోవచ్చు. అయినా అవతల ఎవరు పడుకొంటారో, ఏ పిల్లలు ఆడుకొంటారో తెలుసుకొని కట్టడం మన ధర్మం.

మడి కట్టినాక మొదటి పెద్దవాన వెలిసిన వెంటనే గొడుగు వేసుకొని ఒకసారి చుట్టి రండి. తూములన్నీ కారుతూ ఉంటే మంచిదే. ఏదైనా కారకుంటే పుల్లతో పొడిచి శుభ్రం చేయండి. గోడ ఉబ్బినా, బీట వేసినా ముందు మట్టి తీసివేయండి, తరువాత మేస్త్రీని పిలవండి.

మడిలో నింపవలసిన మట్టి, ఎరువుల పాళ్లను గురించి వచ్చే సంచికలో ముచ్చటించుకుందాము.