పింఛను వచ్చింది, అవ్వ తిన్నదా?

పొద్దున్నే ఊళ్లో అంగన్‌వాడీ దగ్గర కాసేపు నిలబడితే కనబడుతుంది. మనవణ్ణి చంకనేసుకుని వచ్చిన అవ్వ వాణ్ణి లోపల దించి, గడప పక్కనే చతికిలబడుతుంది. లోపల మనవడికి పాలు, కోడిగుడ్డు. ఇంటికెళ్లాక అవ్వకు రాత్రి మిగిలిన అన్నం, ఇంత మజ్జిగ, నంజుకోను ఊరగాయ బద్ద. పప్పు వండిన రోజున కూడా గట్టిపప్పు కొడుక్కూ పిల్లలకూ పోయాక అడుగున మిగిలిన తేటే ఆమె వాటా. ఎవరో పెట్టక కాదు, చాలాసార్లు ఆమే వద్దంటుంది.

ఆకలి లేదంటుంది. ఇంట్లోవాళ్లు నమ్మేస్తారు, నమ్మడం సుఖం కూడా. కానీ దంతాలు ఊడిన నోటికి జొన్నరొట్టె నమలడం కష్టం, వేరుశనక్కాయలు అసలే కుదరవు. జారిపోయేది మెత్తటి అన్నం ఒక్కటే. పప్పు, గుడ్డు, పాలు తగ్గేకొద్దీ కండ కరుగుతుంది, కాళ్లలో పట్టు పోతుంది. ఓ రోజు బావి గట్టు మీదో స్నానాల గదిలోనో జారిపడి తుంటి విరిగితే ‘వయసైపోయింది కదా’ అని ఊరంతా సర్దుకుంటుంది. వయసు మీద ఇంత నింద మోపడం అన్యాయం.

వృద్ధాప్యంపై 2017-18లో దేశవ్యాప్తంగా జరిగిన ‘లాసి’ సర్వేలో 60 దాటిన వారిలో నూటికి 27 మంది ఉండాల్సిన దానికంటే తక్కువ బరువున్నట్టు తేలింది. అయితే పోషకాహారం గురించి మాట్లాడేవాళ్లంతా ముందుగా తిరగేసేది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2019-21 నాటి ఆ సర్వేలో బరువూ రక్తహీనతా చూసింది ఆడవాళ్లలో 49 ఏళ్ల వరకు, మగవాళ్లలో 54 ఏళ్ల వరకే. అవ్వా తాతా ఆ లెక్కలోనే లేరు.

పింఛను ఇస్తున్నాం కదా అనొచ్చు. నిజమే, అది చిన్న విషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 4,000 రూపాయలైంది, తెలంగాణలో 2019లో 2,016కు పెరిగింది. 80 ఏళ్లలోపు వృద్ధులకు కేంద్రం వాటా మాత్రం 2007 నాటి 200 దగ్గరే ఆగిపోయింది. పింఛను డబ్బుతో కోడలి ముందు చేయి చాచే బాధ తప్పింది. కానీ బీపీ మాత్రలు, మోకాళ్ల నొప్పుల ఇంజెక్షన్లు, మనవడి నోటు పుస్తకాలు పోను గుడ్డు దాకా ఎంత మిగులుతుంది? చౌక దుకాణం నుంచి వచ్చేదా, బియ్యం. ఇంట్లో ఇప్పటికే ఎక్కువగా ఉన్నదీ అదే.

పట్నంలో అయిదు రూపాయలకు భోజనం పెట్టే క్యాంటీన్లున్నాయి. పల్లెలో ఒంటరి ముసలివాళ్లకు అలాంటిదేదీ? తమిళనాడు మాత్రం ఈ పని ఎప్పుడో మొదలుపెట్టింది. ఎంజీఆర్ హయాంలో 1982లో విస్తరించిన పిల్లల మధ్యాహ్న భోజన పథకంలోకి మరుసటి ఏడాదే వృద్ధాప్య పింఛనుదారులనూ చేర్చారు. పిల్లలకు వండే పొయ్యి మీదే వాళ్లకూ వండారు.

మన దగ్గరా పొయ్యి ఉంది. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు అంగన్‌వాడీలోనే ఒక పూట భోజనం, గుడ్డు, పాలు పెడుతున్నారు. ప్రతి ఊరి బడిలోనూ మధ్యాహ్నానికి ఎసరు పెడతారు. ఒంటరిగా ఉండే ముసలివాళ్లకూ, పిల్లలు వలసపోయిన ఇళ్లలో మిగిలిన వాళ్లకూ అక్కడే మెత్తగా ఉడికిన పప్పన్నం, ఓ గుడ్డు పెట్టడానికి కొత్త భవనమేమీ అక్కర్లేదు. బడ్జెట్‌లో ఓ పద్దు, వంట చేసే అక్కలకు దానికి తగ్గ కూలి కావాలి. ఆ రెండోది మరిచిపోయి భారం వాళ్ల నెత్తిన వేయడం మాత్రం మనకు బాగా అలవాటు.

ఇంకొకటి ఇంతకంటే తేలిక. ఆంధ్రలో ప్రతి నెలా సచివాలయ ఉద్యోగి వేలిముద్ర యంత్రం పట్టుకుని పింఛనివ్వడానికి గుమ్మం దాకా వస్తున్నాడు. మూడు నెలలకోసారి అతని సంచీలో బరువు తూచే యంత్రం కూడా పెట్టి పంపితే, ఏ ఇంట్లో అవ్వ రెండు కిలోలు తగ్గిందో మండల ఆసుపత్రికి ఆ వారంలోనే తెలుస్తుంది.