పాలకూర మానేస్తే నీరసం పోతదా?

పోయిన రెండు నెలల నుంచి మన పేటలో ఆడవాళ్ల ఫోన్లలో ఒకటే ముచ్చట తిరుగుతున్నది. ఆకుకూరల్లో ఆక్సలేటు అనే విషం ఉంటదట. అది ఒంట్లో చేరి కండల్లో, కీళ్లలో గాజు పెంకుల లెక్క గుచ్చుకుంటదట. ఎంత పండుకున్నా తీరని నీరసానికి అదే కారణమట. పాలకూర, చుక్కకూర, పల్లీలు, నువ్వులు, రాగులు, చాయ్ అన్నీ బంద్ చేస్తే మూడు నెలల్లో మనిషి లేచి తిరుగుతడట. నలుగురైదుగురు నన్ను ఆపి అడిగిన్రు, "కాకా, మీ ఇంట్ల కాకికి ఇదే బాధ గదా, నిజమేనా?" అని. ఒక్కొక్కరికి గుమ్మం ముందట నిలబడి చెప్పే బదులు ఈ నెల ఇక్కడనే రాస్తున్న.

అడిగిన్రు గనుక ముందు మా ఇంటి సంగతి. 2021లో కరోనా వచ్చిపోయినంక మా ఇంటామెకు జ్వరం తగ్గింది గాని బలం తిరిగి రాలేదు. అంతకు ముందు చేట ఒళ్లో పెట్టుకుంటే దినానికి వెయ్యి బీడీలు చేసే మనిషి. ఇప్పుడు మూడు వందలు చేసిందంటే మర్నాడు, ఆ మర్నాడు కూడా పక్క మీద నుంచి లేవదు. రాత్రంతా పండుకున్నా పొద్దున రెండు పాళీలు చేసి వచ్చినట్టే ఉంటది. మాట్లాడుకుంట మాట్లాడుకుంటనే ఏం చెప్పబోయిందో మర్చిపోతది. ఎక్కువసేపు నిలబడితే కండ్లు తిరుగుతయి. డాక్టరు రక్తం, థైరాయిడ్, షుగర్, ఛాతీ ఫోటో అన్నీ చూసి, ఏదీ తప్పు లేదని తేలినంక, దీన్ని క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అంటరని చెప్పిండు. ఆరు నెలలు దాటినా పోని అలసట, విశ్రాంతితో తీరనిది, కొంచెం ఎక్కువ పని చేస్తే ఒకటి రెండు దినాల తర్వాత మొత్తంగా పడగొట్టేది. రక్తపరీక్షలో కనబడదు గనుక ఇరుగు పొరుగు దానికి వేరే పేరు పెట్టిన్రు: "నాటకం".

అటువంటి మనిషికి ఎవరైనా వచ్చి "ఇది మానెయ్, బాగయితవ్" అంటే ఆశ పుట్టదా? భివండీ నుంచి ఆమె చిన్నమ్మ బిడ్డ ఫోన్ చేసి ఆక్సలేటు సంగతి చెప్పింది. ఆ దినం నుంచి ఇంట్ల ఆకుకూర బంద్, షేంగా చట్నీ బంద్, నువ్వుల లడ్డు బంద్, చాయ్ బంద్. షోలాపూర్‌లో పుట్టి షేంగా చట్నీ లేకుండ జొన్నరొట్టె తినుడు ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. రెండు నెలలు తినలేదు. నాలుగు కిలోలు తగ్గింది, నీరసం ఇంచు కూడా కదలలేదు. అప్పుడు పెద్ద దవాఖానల ఆహారం సంగతి చెప్పే మేడమ్ దగ్గరికి పోయినం. ఆ అమ్మ గంట సేపు ఓపికగా చెప్పింది. ఇంటికొచ్చినంక నేను మరికొంత చదివించుకున్న, మా మనుమడు చదివి వినిపించిండు.

ఆక్సలేటు ఉన్న మాట నిజమే. అది మొక్కలు సొంతంగా తయారు చేసుకునే ఒక పదార్థం. చుక్కకూర పులుపు చాలామట్టుకు దానిదే. చేమాకు, చేమగడ్డ, కంద సరిగ్గా ఉడకకపోతే గొంతు దురద పెడుతది గదా, అది సూదుల లెక్క ఉండే కాల్షియం ఆక్సలేటు పలుకుల పని. అందుకే మన అమ్మలు చేమాకును చింతపండు వేసి మెత్తగా ఉడికించేటోళ్లు. ఫోన్ల ముచ్చటకు మూలం ఈ సూదులే అనుకుంట. నాలుక మీద గుచ్చుకున్నదాన్ని చూసి కండల్లో కూడా గుచ్చుకుంటదని ఎవరో కథ అల్లిన్రు.

పాలకూరలో ఇది చాలా ఎక్కువ. పచ్చి పాలకూర నూరు గ్రాముల్లో ఆరు వందల నుంచి వెయ్యి మిల్లీగ్రాముల దాకా ఉంటది. తోటకూర, బచ్చలి, బీట్‌రూట్, పల్లీలు, బాదం, జీడిపప్పు, నువ్వులు, చాయ్‌లో కూడా ఉంటది. ఆనపకాయ, బీరకాయ, క్యాబేజీ, అన్నం వీటిల్లో చాలా తక్కువ. ఇంకో సంగతి మేడమ్ చెప్పేదాకా నాకు తెల్వదు: మనం తిన్నా తినకున్నా మన కాలేయం కూడా దినాం కొంత ఆక్సలేటు తయారు చేస్తనే ఉంటది, కిడ్నీలు దాన్ని మూత్రంతో బయటికి పంపుతయి. అంటే ఒంట్లో ఆక్సలేటు ఉండుడు జబ్బు కాదు.

ఇది నిజంగ గుచ్చుకునే చోటు కిడ్నీ. పది మంది రాళ్లు చూస్తే ఏడెనిమిది మందివి కాల్షియం రాళ్లే, వాటిలో ఎక్కువ కాల్షియం ఆక్సలేటువి. మన ఊరి ఎండ, కారఖానాలోపలి ఉక్క, సాంచల మధ్య చెమట కారుకుంట నిలబడుడు, మూత్రానికి పోవాల్సి వస్తదని ఆడవాళ్లు నీళ్లు తాగకుండ ఉండుడు. ఇవన్నీ మూత్రాన్ని చిక్కగ చేస్తయి, రాళ్లు కట్టేది అప్పుడే. రాయి ఒకసారి పడ్డవాళ్లు ఆక్సలేటు సంగతి పట్టించుకోవాల్సిందే. వాళ్లు కూడా అన్నీ మానెయ్యనక్కరలేదు. పాలకూరను ఎక్కువ నీళ్లల్లో ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోస్తే, నీళ్లల్ల కరిగే ఆక్సలేటు మూడో వంతు నుంచి ముప్పావు దాకా పోతది. కొన్ని విటమిన్లు కూడా వాటితోనే పోతయి, ఏం చేస్తం. అన్నంల పెరుగో మజ్జిగో కలుపుకుంటే పెరుగులోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేటును పట్టుకొని బయటికి తోలుతది, కిడ్నీ దాకా పోనియ్యదు. రాయి అంటే కాల్షియమే గదా అని పాలు పెరుగు మానేసేవాళ్లు మన పేటలో చాలామంది ఉన్నరు, వాళ్లకు నష్టమే ఎక్కువ. రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటట్టు నీళ్లు తాగాలె. గుండె, కిడ్నీ జబ్బుండి నీళ్లు తక్కువ తాగమన్నవాళ్లు మాత్రం తమ డాక్టరు లెక్కనే పాటించాలె. కరోనా టైములో అలవాటైన విటమిన్ సి గోలీలు ఇంకా మింగేవాళ్లున్నరు. ఎక్కువ మోతాదులో అది ఒంట్లో కొంత ఆక్సలేటుగ మారుతది. మా ఇంట్ల ఆ డబ్బా అవతల పడేసినం.

ఒంట్లో ఎక్కడపడితే అక్కడ ఆక్సలేటు పేరుకునే జబ్బు అసలు లేదా అంటే, ఉంది. పుట్టుకతోనే కాలేయం మితిమీరి ఆక్సలేటు తయారు చేసే జబ్బు ఒకటుంది. చాలా అరుదు. కిడ్నీలు పాడైనంక అందులో ఎముకల దాకా పేరుకుంటది. పేగు కోసి తీసినవాళ్లకు, కొవ్వు అరగక ఏండ్ల తరబడి విరేచనాలు అయ్యేవాళ్లకు కూడా తిన్న ఆక్సలేటు ఎక్కువగ ఒంటికి పడుతది. వాళ్లకు డాక్టర్లు వేరే లెక్క చెప్తరు. వీళ్లెవరూ కాని మనిషి ఆకుకూర మానేస్తే క్రానిక్ ఫటీగ్ తగ్గుతదని రుజువు లేదు. ఆకుకూర, పల్లీలు, నువ్వులు, రాగులు బీడీలు చేసుకునే ఇంట్ల చౌకగా దొరికే బలం. మన ఆడవాళ్లల్లో అసలే రక్తం తక్కువ. ఉన్న నీరసానికి తోడు ఇంకో నీరసం తెచ్చిపెట్టుకునుడు నాకు నచ్చలేదు. మేడమ్‌కూ నచ్చలేదు. ఇప్పుడు మా ఇంట్ల షేంగా చట్నీ మళ్లీ ఉంది. పాలకూర వారానికి ఒక్కసారి, ఉడకబెట్టి, పెరుగుతో.

మరి నీరసం? దానికి ఇప్పటిదాకా మందు లేదు. నిద్ర, నొప్పులు, కండ్లు తిరుగుడు, వీటికి విడివిడిగ మందులిస్తరు. ఇంతకు ముందు డాక్టర్లు దినాం కొంచెం కొంచెం వ్యాయామం పెంచుకుంట పొమ్మనేటోళ్లు. అది చాలామందికి తిరగబడ్డది. 2021లో ఇంగ్లండులో వైద్యానికి పద్ధతులు రాసే నైస్ అనే సంస్థ ఆ సలహాను తీసేసింది. ఉన్న బలాన్ని చూసుకొని అంతలోనే పని చేసుకొమ్మన్నది. సాంచ నడిపినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తది. మోటరు వేడెక్కి ట్రిప్ అయితే, అది చల్లారకుండ మళ్లా మళ్లా స్టార్టర్ నొక్కేవాడు మోటరునే కాలుస్తడు.

మా ఇంట్ల చేసుకున్న ఏర్పాట్లు ఇవి. పొయ్యి ముందట ఎత్తు స్టూలు వేసినం, కూర్చొనే వంట. స్నానం కూర్చొనే. బట్టలు ఒక్కదినమే గుట్ట పెట్టకుండ దినాం నాలుగు, అవి కూడా నేను పిండుత. రొట్టెలు నేను కొడుత, గుండ్రంగ రావు, తింటున్నరు. బీడీలు నూటయాభై దాటనియ్యం. నూరు అయినంక ఒంట్ల బాగున్నా సరే చేట పక్కన పెట్టి అరగంట పండుకుంటది. బాగున్న దినం ఎక్కువ చేసుడే అసలు ప్రమాదం, ఎందుకంటే దెబ్బ ఆ దినం తెల్వదు, ఎల్లుండి తెలుస్తది. ఈ పద్ధతి పట్టినంక ఆమె పూర్తిగ బాగు కాలేదు. నెలల పది దినాలు పక్క మీద ఉండేది, ఇప్పుడు మూడు నాలుగు దినాలు. బీడీ పైసలు తగ్గినయి, అది దాచేది కాదు.

కోడలికో అక్కకో ఇట్ల ఉంటే, ఇంట్ల అత్తమ్మలకు ఒక మాట. ఆమె బద్ధకస్తురాలో కాదో తేల్చకముందు పరీక్షలు చేయించండి. నెలల తరబడి నీరసానికి రక్తం తక్కువ ఉండుడు, థైరాయిడ్, షుగర్, బి12 తక్కువ, టీబీ, ఇవన్నీ కారణం కావచ్చు, వీటన్నిటికి మందుంది. దూది పొట్టులో, తంబాకు పొట్టులో పని చేసిన ఇండ్లల్ల దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గుడు కలిసి ఉంటే టీబీ పరీక్ష ఆపొద్దు. సర్కారు దవాఖానల అది ఉచితం. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఒక కాగితం పట్టుకపోండి: ఏ దినం ఎంత పని చేసింది, దాని తర్వాత రెండు దినాలు ఎట్లున్నది, వారం పది దినాలది రాసి. మా ఇంటామెకు జబ్బు పేరు తెలిసింది ఆ కాగితం చూసినంకనే. ఉత్తగ "నీరసం సార్" అంటే మాకు నాలుగుసార్లు బలం గోలీలు రాసి పంపిన్రు.