బియ్యం ఊరు దాటింది, పంటి వైద్యం దాటలే

మా కణేకల్లు బస్టాండులో సంక్రాంతి అయినాక ఒక పొద్దు నిలబడి చూడండి. రాయదుర్గం మీదుగా బెంగుళూరికి పోయే మూటలు కనపడతాయి. గోనెసంచిలో జొన్నపిండి, ప్లాస్టిక్ బకెట్లో గిన్నెలు, చంకన బిడ్డ. మనోళ్లు మోసుకొని పోయేది ఇంకొకటి ఉండాది, అది మూటలో కనపడదు. నోరు తెరిస్తే కనపడతాది. గారపండ్లు.

పండ్లు సరిగ్గా తోముకోనందుకు వచ్చిన గార కాదిది, నీళ్ల వల్ల వచ్చింది. చానా మంది పిల్లోళ్లు సిగ్గుతో నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు, అందుకే ముందుగా చెప్తాండా. మన నేలలోని రాయిలో ఫ్లోరైడు ఉండాది. వానలు లేక, బోరు లోతుకు దించేకొద్దీ అది నీళ్లతో పాటు పైకి వస్తాది. తాగే నీళ్లలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకుంటే 1.5 దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణం. బిడ్డకు ఎనిమిదేండ్లు వచ్చేలోపల చిగుళ్ల లోపల అసలు పండ్లు తయారవుతా ఉంటాయి. ఆ వయసులో ఏ నీళ్లు తాగినామో పంటి మీద అచ్చు పడతాది. తర్వాత యాడికి పోయినా, ఏ పేస్టుతో తోమినా ఆ అచ్చు పోదు. ముదిరితే పన్ను గుంటలు పడతాది, పెచ్చులు లేస్తాది.

ఇది కొత్తగా కనుక్కున్నది కూడా గాదు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే డాక్టర్లు గుర్తించి రాసినారు. మన జిల్లాలో 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చినాక వందల ఊళ్లకు మంచినీళ్లు అందినాయి. ఆ మేలు మరువలేం. కానీ నా వయసోళ్లకు అప్పటికే పండ్లు వచ్చేసినాయి. ఇప్పటికీ కుళాయి నాలుగు దినాలు రాకుంటే మళ్లీ బోరు నీళ్లే గతి అయ్యే ఊళ్లు ఉండాయి.

పోయిన ఎండాకాలం బెంగుళూరులో మనోళ్లు ఉండే రేకుల షెడ్ల కాడికి పోయింటి. మా పక్క ఊరి బేల్దారి ఒకాయన, ముప్పై దాటినాయేమో, దవడకు టవలు కట్టుకొని కూచున్నాడు. ఏమప్పా అంటే చెప్పినాడు: "పన్నన్నా. వారం నుంచి నిద్ర లేదు. రూట్ కెనాల్ చేసి టోపీ ఏసేదానికి ఆరువేలంట. పీకేదానికి ఐదునూర్లంట. రేపు పీకిచ్చేస్తా." అది ఆయన పీకిచ్చుకునే నాలుగో పన్ను. నిలబెట్టుకోవచ్చని ఆయనకు తెలుసు. కానీ రూట్ కెనాల్ అంటే మూడు నాలుగు సార్లు తిరగాల, తిరిగిన దినమల్లా కూలి పోతాది. ఆ లెక్క చూసుకొనే పీకిచ్చుకుంటాండాడు.

మన కార్డులు ఉండాయి గదా అంటారు. ఉండాయి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. 2019 నవంబరులో బెంగుళూరు, చెన్నై, హైదరాబాదు ఆసుపత్రులకు కూడా దాన్ని తీసుకుపోయినారు, ఏడునూర్లకు పైన పెద్ద చికిత్సలకు. మంచిదే. గుండె ఆపరేషనుకు కార్డు సరిహద్దు దాటింది. కానీ ఇది ప్రధానంగా ఆసుపత్రిలో చేర్చుకునే జబ్బుల పథకం. కేంద్రం ఆయుష్మాన్ భారత్ కూడా అంతే. కుర్చీలో కూచోబెట్టి పన్ను నింపే పని దాంట్లోకి రాదు. మన ఊరికి దగ్గర్లో బళ్లారిలో ప్రభుత్వ దంత కళాశాల ఉండాది, బెంగుళూరులోనూ ఉండాది. ఆడ ఎవరైనా చూపిచ్చుకోవచ్చు. కానీ కర్ణాటక పథకంలోని ఉచితం కర్ణాటక కార్డున్నోళ్లకే.

ఇదే మనిషి బియ్యం మాత్రం బెంగుళూరులోనే తీసుకోవచ్చు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు 2019 ఆగస్టులో ఆంధ్ర, తెలంగాణ మధ్య మొదలైంది, 2020 జనవరికి కర్ణాటక కూడా చేరింది. వలస పోయినా ఆకలి ఆగదని ప్రభుత్వాలు ఒప్పుకున్నాయి. మరి ఆ బియ్యం నమిలే పన్ను సంగతి ఎవరు చూడాల?

దేశం విడిచి పోయిన శరణార్థుల కత కూడా ఈడికే వస్తాది. జర్మనీలో 1993 నాటి చట్టం ఒకటి ఉండాది. శరణు అడిగినోళ్లకు మొదట్లో అన్ని వైద్యాలు ఇయ్యరు. నొప్పి, అప్పటికప్పుడు వచ్చిన జబ్బు, అంతే. కట్టుడుపండ్లు అయితే వాయిదా వేసేదానికి వీలులేని అవసరం ఉంటేనే. ఈ గడువు 2024లో పద్దెనిమిది నెలల నుంచి మూడేండ్లకు పెంచినారు. నొప్పి ఉంటే రా, పన్ను కాపాడుకునేది తర్వాత చూద్దాం అని దాని అర్థం. బేల్దారి ఆయనకు ఏ చట్టమూ ఈ మాట చెప్పలే. ఆయన జేబు చెప్పింది. మాట ఒకటే.

తేడా ఒకటుంది. జర్మనీలో శరణార్థికి నువ్వు ఈ దేశం మనిషివి గాదు అని ఒక సాకు చెప్తారు. అది న్యాయమా కాదా అనేది వేరే సంగతి. 1951 శరణార్థుల ఒప్పందంలో కరువుకు చోటు లేదు, మన దేశం దాని మీద సంతకమూ పెట్టలేదు. కాబట్టి కణేకల్లు మనిషి బెంగుళూరులో శరణార్థి గాదు. పౌరుడు. ఓటు ఉండాది, ఆధార్ ఉండాది. ఆయనకు ఏ సాకు చెప్తారు?

పన్ను పోతే ప్రాణం పోతాదా అని కొందరు తేలిగ్గా అంటారు. పోదు. జొన్నరొట్టె నమల్లేక నీళ్లలో నానబెట్టుకొని తినాల్సి వస్తాది. నొప్పి మాత్రలు అదేపనిగా మింగితే కడుపు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. షోరూములో పనికి పోయిన పిల్లోడు నోరు తెరిచి మాట్లాడను జంకుతాడు. ఆడపిల్లకు సంబంధం చూసేటప్పుడు పండ్లు చూస్తారు. గుట్కా, స్వీట్లు పండ్లు చెడగొడతాయి, నిజమే, మానాల. కానీ ఎనిమిదేండ్ల లోపల తాగిన నీళ్లకు ఆ బిడ్డను తప్పు పట్టేదెట్ల?

అడగాల్సింది పెద్దదేం గాదు. పన్ను నింపడం, రూట్ కెనాల్ మన పథకంలో చేర్చాల. బళ్లారి, బెంగుళూరు ప్రభుత్వ దంత కళాశాలల్లో మన కార్డు చెల్లేటట్ల రెండు రాష్ట్రాలు మాట్లాడుకోవాల. రేషన్‌కు కుదిరింది, దీనికీ కుదురుతాది. 2013 నుంచి నడిచే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో బడిపిల్లల పండ్లు కూడా చూడాలని ఉండాది. మీ ఊరి బడికి ఆ బృందం ఎప్పుడొచ్చింది, ఎంతమందిని పెద్దాసుపత్రికి రాసి పంపింది, హెడ్మాస్టర్ని అడగండి.

చదువుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంకొక పని చెయ్యొచ్చు. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో నీళ్లు పరీక్ష చేసే కిట్లు ఇచ్చినారు, ఫ్లోరైడు కూడా చూడొచ్చు. వచ్చే గ్రామసభలో మీ అంగన్వాడీ నీళ్లలో ఫ్లోరైడు ఎంత అని అడగండి, ఆ అంకె పంచాయతీ గోడ మీద రాయించండి. పెద్దోళ్ల పండ్లకు వైద్యం కావాల. అంగన్వాడీలో ఇప్పుడు కూచున్న బిడ్డకు మంచి నీళ్లు ఇస్తే చాలు, ఇరవై ఏండ్ల తర్వాత ఆ బిడ్డ బెంగుళూరుకి పోయినా ఈ గారపండ్లు మోసుకొని పోదు.