బరువు తీసే ముందు ఆ భాగం పనేంటో అడగండి

‘ఈ చాసిస్ బరువు 10 శాతం తగ్గించాలి. ఎక్కడ మొదలుపెడతారు?’ డిజైన్ ఉద్యోగానికి వెళ్లే మెకానికల్, ఆటోమొబైల్ అభ్యర్థులు ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కోవాల్సిన ప్రశ్న ఇది. చాలామంది నోట వచ్చే జవాబు ఒక్కటే: ‘ఉక్కు తీసేసి అల్యూమినియం పెడతాం సర్’. ఇంకాస్త ధైర్యం ఉంటే ‘కార్బన్ ఫైబర్’ అంటారు. ఆ మాట తప్పు కాదు. కానీ అది ఆలోచన చివర రావాల్సిన మాట. మొదట్లోనే అనేస్తే, మీరు అసలు ఆలోచించలేదని ఎదుటివారికి తెలిసిపోతుంది.

మరి ఆలోచన ఎక్కడ మొదలవ్వాలి? బరువుతో నిత్యం కుస్తీ పట్టే ఒక యంత్రాన్ని చూస్తే అర్థమవుతుంది. గుల్మార్గ్ వీడియోల్లో మంచు మీద దూసుకెళ్లే స్నోమొబైల్‌ని చూసే ఉంటారు. ముందు రెండు స్కీలు, వెనక చక్రాలకు బదులు తిరిగే రబ్బరు ట్రాక్. కెనడాలోని క్యూబెక్‌కు చెందిన జోసెఫ్ ఆర్మాండ్ బాంబార్డియర్ 1959లో ‘స్కీ-డూ’తో ఈ బండిని మామూలు జనానికి దగ్గర చేశారు. అందులోనే ఇంకో రకం ఉంది. అమెరికా, కెనడాల్లోని రాకీ పర్వతాల వంటి చోట్ల, దారే లేని వాలుల్లో నడిపే మౌంటెన్ స్నోమొబైల్. ‘మన దగ్గర మంచే లేదు, మనకెందుకీ గోల?’ అనుకోకండి. బరువు గురించి ఇంత సూటిగా పాఠం చెప్పే బండ్లు తక్కువ.

అక్కడ బరువంటే ఏమిటో చూడండి. కొత్తగా పడిన మెత్తటి మంచు నడుము లోతు ఉంటుంది. బరువు పెరిగేకొద్దీ బండి అందులో కూరుకుపోతుంది. కూరుకున్న బండిని తవ్వి, పక్కకు లాగి బయటపడేయాల్సింది నడిపేవాడే. పైగా 3,000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సుమారు నాలుగో వంతు తక్కువ. టర్బో లేని ఇంజిన్ శక్తి కూడా దాదాపు అంతే పడిపోతుంది. ఇంజిన్ ఇవ్వలేనిది బరువు తగ్గించి తెచ్చుకోవాలి. అలాగని ఇష్టమొచ్చినట్టు కోసేస్తే? హిమపాతాల ముప్పున్న లోయలో, రోడ్డుకు ఎన్నో కిలోమీటర్ల దూరంలో ఏ సస్పెన్షన్ చెయ్యో విరిగితే ప్రాణం మీదికి వస్తుంది. బరువు ఎక్కువైనా ముప్పే, బలం తక్కువైనా ముప్పే. ఈ రెంటి మధ్య నిలబడి నిర్ణయం తీసుకోవడమే డిజైన్ ఇంజినీరు ఉద్యోగం.

ముందుగా మీ నోటి చివర ఉన్న ఆ జవాబునే లెక్కలో పెడదాం. ఉక్కు సాంద్రత సుమారు 7.85, అల్యూమినియానిది 2.7. దాదాపు మూడో వంతు. వినడానికి బాగుంది. కానీ ఉక్కు యంగ్స్ మాడ్యులస్ సుమారు 200 గిగాపాస్కల్స్ అయితే అల్యూమినియానిది 70 మాత్రమే. అదీ దాదాపు మూడో వంతే! కేవలం లాగుడు బలం పడే కడ్డీని అంతే సాగుదలతో అల్యూమినియంలో చేయాలంటే దాని అడ్డుకోత దాదాపు మూడింతలు కావాలి. బరువు ఎక్కడిదక్కడే ఉంటుంది. అదే వంపును తట్టుకోవాల్సిన పలక అయితే కథ మారుతుంది. పలక దృఢత్వం మందం ఘనంతో పెరుగుతుంది కాబట్టి 2 మిల్లీమీటర్ల ఉక్కు పలక స్థానంలో 2.85 మిల్లీమీటర్ల అల్యూమినియం సరిపోతుంది. బరువు సుమారు సగానికి దిగుతుంది. లోహం అదే. ఒక చోట లాభం సున్నా, ఇంకో చోట సగం. తేడా ఎక్కడొచ్చింది? ఆ భాగం చేసే పనిలో. అందుకే ‘ఏ లోహం?’ అని అడిగే ముందు ‘ఇక్కడ పడే లోడు ఏంటి?’ అని అడగాలి.

రెండో సంగతి, అతుకులు. అల్యూమినియాన్ని వెల్డ్ చేస్తే ఆ వేడికి చుట్టుపక్కల లోహం బలం బాగా తగ్గుతుంది. రివెట్ వేయాలంటే రంధ్రం చేయాలి. లాగుడుకు గురయ్యే వెడల్పాటి పలకలో చిన్న గుండ్రటి రంధ్రం పెడితే దాని అంచున ఒత్తిడి దాదాపు మూడు రెట్లవుతుంది. ఈ నష్టాన్ని పూడ్చడానికి మళ్లీ మందం పెంచాలి. పొలారిస్ కంపెనీ 2011 మోడల్ ‘ప్రో-ఆర్ఎంకే’లో అల్యూమినియం భాగాలను పారిశ్రామిక జిగురుతో అతికించి, పైచట్రానికి కార్బన్ ఫైబర్ వాడింది. జిగురు లోడును ఒక్క బిందువు మీద కాకుండా అతుకు పొడవునా పంచుతుంది. కార్లలో ఈ దారి అప్పటికే ఉంది. 1996లో వచ్చిన లోటస్ ఎలీస్ చాసిస్ కూడా జిగురుతో అతికించిన అల్యూమినియమే. అయితే జిగురు పట్టాలంటే ఉపరితలం తయారీలో రాజీ పడకూడదు. కార్బన్ ఫైబర్‌ను నేరుగా అల్యూమినియానికి తగిలిస్తే తడికి అల్యూమినియం తినేసుకుపోతుంది, మధ్యలో విడదీసే పొర ఉండాలి. అంటే ‘కార్బన్ ఫైబర్ పెడతాం’ అన్న మరుక్షణం మీకు ఇంకో నాలుగు ప్రశ్నలు సిద్ధంగా ఉంటాయి.

మూడోది, అన్ని కిలోలూ ఒకటి కాదు. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకోండి. మంచును పట్టుకున్న ట్రాక్ కింది వరస దాదాపు కదలకుండా ఉంటుంది. పై వరస మాత్రం 80 వేగంతో ముందుకు పరిగెడుతుంది. గతిజశక్తి సూత్రం రాసి చూడండి, కాగితం మీద రెండు నిమిషాల పని. ట్రాక్‌లో ఉన్న ఒక కిలోకు చాసిస్‌లో ఉన్న కిలో కంటే రెట్టింపు శక్తి పెట్టాలి. తిరిగే భాగాల్లో తీసిన బరువుకు అంత విలువ. 2013 మోడల్లో అదే ప్రో-ఆర్ఎంకేలో నూనెలో తిరిగే గొలుసు, దాని పెట్టె తీసేసి బెల్ట్ డ్రైవ్ పెట్టడం వెనక లెక్క ఇదే. గొలుసుతోపాటు నూనె బరువు కూడా పోయింది.

నాలుగోది, ఒకే భాగంతో రెండు మూడు పనులు చేయించడం. స్నోమొబైల్లో ట్రాక్ మీద బోర్లించిన పెట్టెలా ఉండే అల్యూమినియం భాగాన్ని టనెల్ అంటారు. బండికి వెన్నెముక అదే, సీటుకు ఆధారం అదే. చాలా మోడళ్లలో ఇంజిన్ నీటిని చల్లార్చే కూలర్ కూడా దాని అడుగునే ఉంటుంది. ట్రాక్ ఎగజిమ్మే మంచే దాన్ని చల్లబరుస్తుంది. వేరే రేడియేటర్ మోసే పని తగ్గుతుంది. ఆర్కిటిక్ క్యాట్ 2019 మోడల్ ‘ఆల్ఫా వన్’లో వెనక సస్పెన్షన్‌కు మామూలుగా ఉండే రెండు పట్టాల స్థానంలో మధ్యలో ఒక్కటే దూలం పెట్టింది. బరువు తగ్గడమే కాదు, బండిని పక్కకు వంచడమూ తేలికైంది.

చివరిది పాఠ్యపుస్తకంలో దొరకదు. కాళ్లు పెట్టే రన్నింగ్ బోర్డుల మీద మంచు పేరుకుని గడ్డకడుతుంది. ఫ్యాక్టరీలో గ్రాములు లెక్కపెట్టి తగ్గించిన బండి కొండ మీద మళ్లీ బరువెక్కుతుంది. అందుకే ఆ బోర్డులకు పెద్ద పెద్ద తెరపలు ఉంచుతారు, మంచు కిందికి రాలిపోవడానికి. కానీ తెరప పెట్టిన ప్రతిచోటా అంచున ఒత్తిడి పెరుగుతుందని ఇందాకే చూశాం. పైగా ఒక హద్దు లోపల లోడు ఎన్నిసార్లు పడినా ఉక్కు సాధారణంగా తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. అంచును ఎలా మడవాలి, తెరప ఎక్కడ ఆపాలి అన్నది నెలల తరబడి పరీక్షించి తేల్చుకునే విషయం.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఫైనలియర్ ప్రాజెక్టుల్లో ‘లైట్ వెయిట్ చాసిస్’ మనకు కొత్త కాదు. అందులో ఎన్ని అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొన్నవో మీకే బాగా తెలుసు. పాత మోడల్ తీసుకోవడం, సాఫ్ట్‌వేర్‌లో మెటీరియల్ మార్చడం, ఎరుపు-నీలం రంగుల బొమ్మ ప్రింట్ తీయడం, ‘బరువు 40 శాతం తగ్గింది’ అని ముగించడం. తప్పు మీ ఒక్కరిదే అనలేం. ‘ఆ లోడు విలువ ఎక్కడి నుంచి తెచ్చావ్?’ అని అడగకుండా సంతకం పెట్టే రివ్యూలూ దీన్ని పెంచి పోషిస్తున్నాయి. కాలేజీలు బొమ్మకు కాదు, లెక్కకు మార్కులు వేయడం మొదలుపెట్టాలి. కానీ నష్టం పంచుకునేటప్పుడు కాలేజీ మీ పక్కన ఉండదు. ఇంటర్వ్యూ గదిలో మీరొక్కరే ఉంటారు. ‘కోర్‌లో ఉద్యోగాల్లేవు’ అని ఇంకో దారి పట్టే ముందు, కోర్ అడిగేది మన దగ్గర ఉందా అని ఒకసారి చూసుకోవాలి.

దీనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పాత సైకిలో, పాడైన మోపెడో ఒకటి తీసుకోండి. భాగాలు విప్పి కిరాణా కాటా మీద తూచండి. ప్రతి భాగం ముందు నాలుగు గడులు గీయండి: బరువెంత, చేసే పనేంటి, పడే లోడు ఏ రకం, విరిగితే ఎక్కడ విరుగుతుంది. అందులో ఒక్క భాగాన్ని ఎంచుకుని చేతి లెక్కతో తేలిక చేయండి. వీలైతే చేయించి, బరువులు వేలాడదీసి వంచి చూడండి. విరిగిందా? ఇంకా మంచిది, ఎందుకు విరిగిందో రాసిపెట్టుకోండి. బాహా ఎస్ఏఈ ఇండియా లాంటి పోటీల్లో ఉన్నవాళ్లు రోల్ కేజ్‌తో ఇదే పని చేయవచ్చు. ఎంఎస్‌కు అమెరికా వెళ్లాలనుకునేవాళ్లు ఎస్ఏఈ 2000లో విద్యార్థుల కోసం మొదలుపెట్టిన క్లీన్ స్నోమొబైల్ ఛాలెంజ్ గురించి తెలుసుకోండి. పొగ, చప్పుడు తగ్గించే పోటీ అది. వాటి కోసం తగిలించే ప్రతి పరికరమూ బరువే కాబట్టి అక్కడా ఇదే పేచీ.

అప్పుడు ‘10 శాతం ఎక్కడ తగ్గిస్తారు?’ అని అడిగితే మీరు లోహం పేరు చెప్పరు. ‘ఏ భాగం సర్? దాని మీద ఏ లోడు పడుతుంది? అది తిరిగేదా, నిలకడగా ఉండేదా?’ అని అడుగుతారు. ఆ ఎదురుప్రశ్నతోనే అసలు ఇంటర్వ్యూ మొదలవుతుంది.