హుక్కు పట్టని వేళ్లు

రుమటాయిడ్ కీళ్లవాతం మగవాళ్లకంటే ఆడవాళ్లలో 2, 3 రెట్లు ఎక్కువ. పొద్దున్నే గంటకు పైగా బిగుసుకుపోయే వేళ్లతో జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం, 5.5 మీటర్ల చీరకు కుచ్చిళ్లు పోసుకోవడం ఎంత యాతనో పడేవాళ్లకే తెలుసు. అయినా "పెళ్లికి పట్టుచీర కట్టకపోతే ఎలా?" అంటాం.

హుక్కులకు బదులు వెల్క్రో కుట్టించుకోవచ్చు. కుచ్చిళ్లు ముందే కుట్టించి పెట్టుకోవచ్చు. లంగాకు బొందు తీసేసి వెడల్పాటి ఎలాస్టిక్ వేయిస్తే ముడి బాధా, నడుం ఒరుసుకోవడం తప్పుతాయి. మెత్తటి నూలుచీరో, వదులు పంజాబీ డ్రెస్సో, ఏది సుఖమైతే అదే వేసుకోవాలి.

వీటికి దర్జీ ఒప్పుకుంటాడు. ఒప్పుకోవలసింది ఇంట్లోవాళ్లే. అత్తగారూ, వదినగారూ! కోడలు ఫంక్షన్‌కి నూలుచీరలో వస్తే "ఇదేం కట్టు?" అనకండి. "చేతులెలా ఉన్నాయమ్మా?" అని అడగండి. పైకి కనబడని నొప్పిని నమ్మడమే మనం చేయగల మొదటి సాయం.